మీ సైరన్‌కి దారిచ్చాం

బాత్రూంలోకి చెప్పులు వేసుకుని వెళ్లండి, మగ్గు పగిలి ముక్కలున్నాయి. అత్తయ్య అక్కడే జారిపడ్డారు, తుంటి విరిగింది. ఆసుపత్రిలో చేర్చాను. ఆవిడ బట్టల కోసం వచ్చి మళ్లీ వెళ్తున్నా.

కాలనీ ఆంబులెన్సుకి ఫోన్ చేస్తే మీరే ఎత్తారు. నా గొంతు వినగానే "డ్యూటీలో ఉన్నా, ఇంటి గోల తర్వాత" అని పెట్టేశారు. జీతం లేకుండా ఊరికి సేవ చేస్తానని ఎగేసుకుంటూ చేరారుగా! ఇంట్లో ఈగల మోత, బయట స్ట్రెచర్ మోత. పక్కింటాయన ఆటోలో తీసుకెళ్లాను.

మీ రెండో జత యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టాను. అదే వేసుకుని రండి. మామూలు బట్టల్లో మీరెవరికీ పనికిరారు.

తా.క. దారిలో మీ ఆంబులెన్సు సైరన్ వేసుకుని వెనకనుంచి వస్తే, ఆటో పక్కకి తీసి దారిచ్చాం. "వచ్చాడే, నాకోసమే వచ్చాడు" అన్నారు అత్తయ్య. ఎవరికోసమో మీరే చెప్పుకోండి ఆవిడకి.