గీత దాటిన ఎరుపు

మంగళవారం, పెడన

పోయిన వారం నేను అచ్చు వేసిన కలంకారీ దుప్పట్లు ఇవాళ రాగి బానలో రంగు నీళ్లలో ఉడికి బయటికొచ్చాయి. పటికతో అచ్చు వేసేటప్పుడు సరిగ్గా కనిపించదు, ఉడికాకే ఎరుపు తేలుతుంది. ఆరు దుప్పట్లలో ఎరుపు పువ్వు గీత దాటి పక్కకి పడింది. వేళ్లు అంతగా పట్టు తప్పుతున్నాయని నాకే తెలియలేదు. నిన్న వేసినవి ఇంకా ఉడకాలి. తలుచుకుంటేనే భయం.

షెడ్డు మేస్త్రి గారికి చేతులు చూపించాను. "బాగానే ఉన్నాయిగా అమ్మా. ధ్యాస పెట్టి వెయ్యి," అన్నారు. కీళ్లవాతమని బందరు డాక్టరు గారు రాసిన చీటీ సంచిలోనే ఉంది, తీయలేదు. మా ఆయనే నమ్మలేదు, ఈయన నమ్ముతారా.

కానీ ఆ మాట నాకు కొత్త కాదు. పొద్దున మా అమ్మాయి, "వేళ్లు బిగుసుకుపోయాయమ్మా, జడ వేసుకోలేకపోతున్నా," అంది. పనికి ఆలస్యమవుతోందని దాని వంక చూడకుండానే, "బాగానే ఉన్నాయిగా, ధ్యాస పెట్టి వేసుకో," అన్నాను.

సాయంత్రం ఇంటికి రాగానే దాన్ని చేతులు చూపించమని అడిగాను. రెండు చేతులూ చున్నీ కింద పెట్టుకుని, "ఏం లేదులే అమ్మా," అంది.