లొరెట్టా ఇంటి చిరునామా

డ్వేన్, బఠాణీ సూప్ పొయ్యి మీదుంది, వేడి చేసుకుని తిను. రాత్రి నువ్వు చెత్తబుట్టలో పడేసిన ఓటు కవరు తీసి, తుడిచి బల్ల మీద పెట్టాను. వెనకాల సంతకం చెయ్యడం మర్చిపోయావు. చేసి, ఇవాళే పోస్టులో వెయ్యి. రేపటికి ఆగితే టైముకి అందదు.

కవరు మీద లొరెట్టా ఇంటి చిరునామా చూసేసరికి నాకు ఒళ్లు మండింది. "ఇరవయ్యేళ్లుగా అమెరికా వదిలి ఈ ఉత్రెక్ట్‌లో నాతో కాపురం, ఓటు మాత్రం మొదటి పెళ్లాం ఇంటి నుంచా? అక్కడికే పోయి వేసుకో" అన్నాను. అనకుండా ఉండాల్సింది. పొద్దున మీ అమెరికా ఓటర్లకు సాయం చేసే ఆవిడకు ఫోన్ చేశాను. దేశం వదిలొచ్చినవాళ్లు అక్కడ ఆఖరున ఉన్న ఇంటి చిరునామాయే రాయాలట. నువ్వూ అదే చెప్పబోయావు, నేనే నోరెత్తనివ్వలేదు. నా మాట పట్టుకుని ఓటు పోగొట్టుకోకు.

డ్యూటీ అయ్యాక వస్తాను.

హన్నెకె

ఇంకొక్క మాట. ఆ ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడు ఎక్కడా చూడకుండా రాసేశావు. మన ఇంటి పిన్‌కోడు కావాలంటే మాత్రం ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తావు.