తలుపు మీద చిలకపచ్చ చార

బ్రాడీపేట, గుంటూరు.

నాన్నకి,

నీ కూతురు గీతాంజలి నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా బాగున్నారనే అనుకుంటున్నాను. మన కౌలురైతు బుల్లయ్య బాబాయి వాళ్ళు బాగున్నారని మాత్రం అనుకోలేను.

మిరపకాయల మూటతో పంపిన ఉత్తరం అందింది. కాయ బాగా ఎండిందని, తొడిమలు తీసి డబ్బాలో పోశానని అమ్మకి చెప్పు. ఫోన్ చేస్తే బుల్లయ్య పేరెత్తగానే కట్ చేస్తున్నావు. అందుకే రాస్తున్నాను. ఉత్తరమైతే చివరిదాకా వినాలి.

కారు బాగయిందా అని అడిగావు. ఇంకా షెడ్డులోనే ఉంది. వెనక తలుపు లోపలికి పోయింది, లైటు పగిలింది. నేను ఊరికి వచ్చిన సాయంత్రం కల్లం పక్కన ఊరికే నిలిపి ఉంచిన కారు ఇంతలా నలిగిందంటే మేస్త్రి జాన్ బాషా నమ్మలేదు. "ఎవరమ్మా, పగవాళ్ళా?" అన్నాడు.

బుల్లయ్య ఒప్పుకోకపోతే ఏం చేయమంటావని కూడా అడిగావు. చేయాల్సిందంతా చేసేశావుగా! కల్లంలో కూలీలందరి ముందూ "ఒరేయ్ బుల్లయ్యా, కళ్ళు నెత్తికెక్కాయా? అంత కారు కనపళ్ళేదురా నీకు?" అని అరిచావు.

"నేను ట్రాలీ కదపనే లేదు పానకాలన్నా. తగిలిస్తే తగిలించానని చెప్పనా?" అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు.

"నా కూతురు కారులో తిరుగుతుంటే నీకు కడుపుమంటరా" అన్నావు. వచ్చే ఏడు కౌలు లేదన్నావు. మన చేను తప్ప ఆయన కాలు పెట్టడానికి ఇంకో చేను లేదని తెలిసే అన్నావు. నీ మాట నమ్మి నేను కూడా ఆయన మొహం చూడకుండా వచ్చేశాను.

సోమవారం జాన్ బాషా ఆ తలుపు కడిగించాడు. మట్టీ మిరప దుమ్మూ పోయాక సొట్ట మధ్యలో జానెడు చార బయటపడింది. "గుద్దినవాడు సంతకం పెట్టి మరీ పోయాడమ్మా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బుల్లయ్య బాబాయి తెచ్చుకున్న అద్దె ట్రాలీ నీలం. ఈ చార చిలకపచ్చ. ఊళ్ళో ఇంకెవరి బండికీ ఉండకూడదని నువ్వు పట్టుబడితే, చీరాలలో రెండు డబ్బాలు కలిపించి మన ట్రాలీకి ఆ రంగు తెచ్చింది నేను. ఊళ్ళో ఇంకెవరికీ లేదు నాన్నా.

ఆ సాయంత్రం మన ట్రాలీ వెనక్కి తిప్పింది నువ్వు.

పొద్దు వాలితే నీకు చూపు ఆనడం లేదు. అన్నం దగ్గర గ్లాసు తడుముకుంటున్నావు. కంటి ఆసుపత్రికి రమ్మంటే "నాలుగు అక్షరాలు వచ్చేసరికి కన్నతండ్రి గుడ్డివాడైపోయాడా?" అని మీదపడ్డావు. కనపడక తగిలించానని ఉంటే నేను ఒక్క మాట అనేదాన్ని కాదు. కళ్ళకి కనపడకపోయినా అంత చప్పుడు చెవులకి వినపడే ఉంటుంది. నీ కంటి జబ్బు దాచుకోవడానికి ఒక మనిషి నోటి దగ్గర కూడు లాగేస్తున్నావు.

అంతకన్నా నాకు మండింది వేరే ఉంది. నీ ఉత్తరం ధనశ్రీ చేతిరాత. బుల్లయ్య బాబాయి కూతురు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నీకొచ్చిన కాగితాలు నేను చదివిపెట్టాను, ఇప్పుడు ఆ పిల్ల చదువుతోంది. "బుల్లయ్యే గుద్దాడు, వాడి బుద్ధే అంత" అని ఆయన కన్నకూతురి చేతే రాయించడానికి నీకు నోరెలా వచ్చింది? ఆ మాట దగ్గర అక్షరాలు వంకరపోయాయి. పెన్ను కాగితాన్ని చీల్చింది. నీకు కనపడి ఉండదులే.

సొట్ట తీసి, లైటు మార్చి, ఆ చార మీద మాత్రం రంగు వేయొద్దని జాన్ బాషాకి చెప్పాను. ఆదివారం కారు తెచ్చి కల్లంలో మన ట్రాలీ పక్కనే నిలబెడతాను. ఈలోగా అరిచిన చోటే, ఆ కూలీల ముందే, తప్పు నాదని నువ్వు చెప్పు. చేను బుల్లయ్యదేనని చెప్పు. అప్పుడు అదే కారులో నిన్ను కంటి ఆసుపత్రికి తీసుకొస్తాను, తలుపుకి రంగూ వేయిస్తాను. చెప్పకపోతే వాళ్ళే రెండు రంగులూ చూసుకుంటారు. అప్పటిదాకా ట్రాక్టర్ తాళం అమ్మ దగ్గర ఉండాలి.

ఒక సంగతి ఇందాకటి నుంచి చెప్పలేదు. ఈ ఉత్తరం నీకు ఎవరు చదివిపెడతారో తెలిసే రాశాను. ఈపాటికి ఆపమని అరుస్తూ ఉంటావు. ధనశ్రీ, ఆపకు. ఇవి నీ మాటలు కావు, గీతక్క మాటలు. నాన్నా, ఆ పిల్లని ఒక్క మాటన్నా నీ గడప తొక్కను.

ధనశ్రీ, ఇప్పుడు అరుగు మీదికి వచ్చి, మొదటి నుంచి ఇంకోసారి చదువమ్మా. పక్కనే మీ ఇంట్లో ఉన్న మీ నాన్నకి వినపడాలి.

ఇట్లు,
ఇంకా నీ కూతురే,
గీతాంజలి