పెరిగిన అంకె

తమ్ముడికి అక్క రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మన అలవాటు. ఈసారి ఆ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. అమ్మ ఆరు రోజులుగా ఆసుపత్రిలో ఉంది. ప్రాణానికి భయం లేదన్నారు. హమ్మయ్య అనుకున్నావు కదా? ఇక మిగతాది చదువు. మధ్యలో మడిచి పక్కన పెట్టావంటే నా మీద ఒట్టే.

పోయిన ఉత్తరంలో మళ్ళీ నిలదీశావు: "అక్కా, నసగకుండా చెప్పు. మా కంపెనీ మాత్రలు వేసుకుంటే ఒంట్లో యాంటీఆక్సిడెంట్లు పెరుగుతాయా, పెరగవా?"

పెరిగాయిరా. అమ్మ రక్తంలో ఇ విటమిన్, అదీ మీ యాంటీఆక్సిడెంట్లలో ఒకటే, ఉండాల్సినదానికి రెండింతలు దాటింది. సంబరం చేసుకో.

ఆదివారం పొద్దున మొహం కడుక్కుంటుంటే అమ్మ ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. గంటైనా ఆగలేదు. రెండు తువ్వాళ్ళు తడిసిపోయాయి. అంతకు ముందే చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి అడిగితే, "తలుపు తగిలిందిలే" అంది. గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ రక్తం పలచబడే మాత్ర వేసుకుంటోందని నీకు తెలియదా? తెలిసీ ఫోనులో ఏమన్నావు? "రెండేసి వేసుకోమ్మా, ఇవి మందులు కావు, పళ్ళలో ఉండేవే." పళ్ళలో ఉండేవే అయితే పళ్ళే తినమనకపోయావా?

"ఈ మనిషికి ఇంత మోతాదు ఎవరిచ్చారమ్మా?" అని పెద్ద డాక్టరు నన్నే అడిగారు. పద్దెనిమిదేళ్ళుగా రక్తపరీక్షలు చేస్తున్నదాన్ని, తల దించుకున్నాను.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. అంకె పెరిగిందంటే మింగింది రక్తంలోకి చేరిందని, అంతే. ఒళ్ళు బాగుపడిందని కాదు. గాదె నిండితే కడుపు నిండినట్టా? సి విటమిన్ ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. ఇ విటమిన్ అలా పోదు, కొవ్వులో పేరుకుంటుంది. అది ఎక్కువైతే అసలే పలచబడ్డ రక్తం ఇంక గడ్డకట్టనని మొండికేస్తుంది. ఇదంతా నీకెవరూ చెప్పలేదంటావు. నువ్వెవరినైనా అడిగావా?

ఇప్పుడు నా సంగతి. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను.

నువ్వు ఈ మాత్రలు అమ్మే పనిలో చేరిన కొత్తలో మా ల్యాబుకు వచ్చి, మాత్రలకు ముందోసారి, నెల తర్వాత ఇంకోసారి రక్తం ఇచ్చావు. అంకె పెరిగింది. ఆ కాగితం చూసి గంతులేశావు. దాని అర్థం ఇంతేనని నాకు ఆ క్షణమే తెలుసు. నోరు మెదపలేదు. నాలుగు ఉద్యోగాలు పోయి, ఏడాదిగా ఎవరి మొహమూ చూడనివాడివి, ఆ రోజు నవ్వావు. ఆ నవ్వు ఆర్పలేకపోయాను. ఆ కాగితాన్నే నీ కరపత్రం మీద అచ్చు వేయించావు, కింద నా సంతకంతో సహా. అమ్మ నమ్మింది నిన్ను కాదురా. "అక్క పరీక్ష చేసి సంతకం పెట్టింది కదా" అని నమ్మింది.

నిన్న మా ల్యాబు పెద్దాయనకు అంతా చెప్పేశాను. ఆ కరపత్రం మీద మా ల్యాబు పేరు ఉండటానికి వీల్లేదని నీకు నోటీసు వస్తుంది. నా ఉద్యోగం సంగతి తర్వాత తేలుస్తామన్నారు. తేలనీ. నువ్వు మాత్రం ఎవరెవరికి ఆ సీసాలు అంటగట్టావో ఒక్కొక్కరికీ ఫోను చెయ్యి. ఏ మందులు వాడుతున్నారో అడుగు. నీ మాత్రలు ఆపి డాక్టరుకు చూపించుకోమను.

ఇంకొకటి. అమ్మకు ఏమీ తెలియదు. నీ మాత్రలు ఆపమన్నారు కాబట్టి ఆపింది, ఎందుకో అడగలేదు. ఇవాళ నేను వెళ్ళేసరికి పక్క మంచం ఆవిడతో చెబుతోంది: "మా అబ్బాయి పంపిన మాత్రలే నన్ను ఈ గండం నుంచి గట్టెక్కించాయి. మీరూ తెప్పించుకోండి." ఆవిడ నీ ఫోను నంబరు రాసుకుంటోంది. ఆ కాగితం లాక్కుని చింపేశాను. అమ్మ నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసింది.

నేనేం చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు. రేపే బయల్దేరు.

ఇట్లు,
ఇంకా నీకు అక్కనే అయిన
మీ అక్క