తమ కారు వెనక అద్దం మీది చీటీ గురించి

విద్యాధికారి గారి సముఖమునకు,
ఆరో తరగతి బి సెక్షన్ ఇంగ్లీషు టీచరు వ్రాసుకొను అర్జీ.

విషయం: తమ కారుకు చీటీ అంటించిన విద్యార్థి పేరు మూడు రోజులలో తెలుపవలెననియు, లేనిచో నన్ను పాత రికార్డుల గదికి మార్చెదరనియు తమరు పంపిన మెమో – పేరు తెలుపజాలనని మనవి.

అయ్యా,

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, నేను ఈ బడిలో పంతొమ్మిదేళ్లుగా ఇంగ్లీషు చెప్పుచున్నాను. పద్దెనిమిదేళ్లు నేను బోర్డు మీద రాయుట, పిల్లలు ఎక్కించుకొనుట జరిగినది. వారికి దస్తూరి కుదిరినది, ఇంగ్లీషు రాలేదు. కావున ఈ ఏడు ఒక కొత్త పద్ధతి పెట్టితిని.

1. సదరు పద్ధతి ప్రకారం ప్రతి విద్యార్థి రోజుకొక వస్తువును చూసి, దాని గురించి ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాలు సొంతంగా రాసి, ఆ చీటీని ఆ వస్తువుకే అంటించవలెను. "ఉన్నదున్నట్టు రాయండి" అని నేనే చెప్పితిని. కొంప అక్కడే మునిగినది.

2. మొదటి వారం "ఇది కిటికీ", "ఇది బల్ల" అని సజావుగా సాగినది. రెండవ వారం నుండి పిల్లలకు భాష వచ్చుట మొదలైనది. ఆటల బీరువా మీద: "బంతి లోపల ఉంది. మేము బయట ఉన్నాము." సైన్సు గదిలోని అస్థిపంజరం మీద: "ఇతనికి కుడి చెయ్యి లేదు. అది లెక్కల మాస్టారి దగ్గర ఉంది." లెక్కల మాస్టారు దానితోనే బోర్డు మీద అంకెలు చూపెదరు. ఈ సంగతి తమకు చెప్పకూడదనుకున్నాను, రాసేశాను, కొట్టివేస్తే బాగుండదు. హెడ్మాస్టరు గారి కుర్చీ మీద: "ఈ కుర్చీ భోజనం తర్వాత గురక పెడుతుంది." ఆయన చదివి, మింగలేక కక్కలేక, "వాక్యం బాగానే ఉందమ్మా" అని వెళ్లిపోయినారు.

3. తమరు తనిఖీకి వచ్చిన రోజున తమ కారు కూడా పిల్లల కంటికి ఒక వస్తువే అయినది. "ఈ కారు రెండేళ్లకు ఒకసారి వస్తుంది" అను చీటీతోనే తమరు నాలుగు కూడళ్లు దాటినారు. వెనక బండ్ల వారు నవ్వుతూ చేతులూపగా తమరు కూడా తిరిగి ఊపినారని తమ డ్రైవరు మా అటెండరుతో చెప్పినాడు. ఇందుకు మిక్కిలి చింతించుచున్నాను. ముందు నవ్వాను, ఆ తర్వాత చింతించాను.

4. తమ మెమోలో ఆ చీటీలోని మొదటి వాక్యం మాత్రమే ఉన్నది. డ్రైవరు పీకినప్పుడు మిగతాది చిరిగిపోయినది కాబోలు. చిత్తుప్రతి నా వద్ద ఉన్నది. తర్వాతి రెండు వాక్యాలివి: "ఆ రోజు బాత్రూంలో నీళ్లు వస్తాయి. ఈ కారు రోజూ రావాలి." అయ్యా, తమ రాకను ఇంతగా కోరుకునే వారు ఈ బడిలో మరొకరు లేరు. నేనూ కోరుకోను.

5. ఇక పేరు. హెడ్మాస్టరు గారు, "చెప్పేయండమ్మా. పిల్లలన్నాక మర్చిపోతారు, ఆఫీసరన్నాక మర్చిపోడు" అన్నారు. ఇంట్లో మావారు, "పెద్దవాళ్లతో మనకెందుకే?" అన్నారు. మా అత్తగారు, "నీ వీపుకీ ఓ చీటీ అంటించుకో, దీనికి నోరెక్కువ అని" అన్నారు. ముగ్గురికీ ఒకటే చెప్పాను, తమకూ అదే. ఆ పిల్ల, పిల్లో పిల్లాడో నేను చెప్పను, మొన్న మొన్నటిదాకా బోర్డు మీదిదో, పక్కవారి చీటీలోదో ఎక్కించడమే తప్ప సొంతంగా ఒక్క ముక్క రాసి ఎరగదు. నేను తప్పు రాసి కొట్టేస్తే, ఆ కొట్టివేతను కూడా స్కేలు పెట్టి ఎక్కించేది. అలాంటి బిడ్డ పుట్టి బుద్ధెరిగాక సొంతంగా రాసిన మొదటి మూడు వాక్యాలు తమ కారు మీద పడ్డాయి. ఇప్పుడు పిలిచి గద్దిస్తే ఆ చెయ్యి మళ్లీ కలం పట్టదు. నాకు భయంగా ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను.

కావున నన్ను రికార్డుల గదికి వేయదలచిన వేయగలరు. ఎలుకలకు నేను భయపడను, వాటికి చదువు చెప్పక్కర్లేదు. బి సెక్షన్ చీటీలను మాత్రం ఆపించవద్దని వేడుకొనుచున్నాను. కోపం చల్లారిన పిదప, వీలైతే కాస్త నవ్వు వచ్చిన పిదప, చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(5వ అంశంలో తప్ప),
ఇంగ్లీషు టీచరు

తా.క.: ఈ అర్జీని స్టాఫ్ రూములో బల్ల మీద ఉంచి క్లాసుకు వెళ్లి వచ్చేసరికి దీని వెనక ఒక చీటీ అంటించి ఉంది. పీకితే అర్జీ చిరుగుతోంది, అందుకని అలాగే పంపుతున్నాను. "కారు మీద రాసింది నేనే. మా టీచర్‌ని ఏమీ అనకండి. తప్పులుంటే దిద్ది పంపండి" అని ఇంగ్లీషులో ఉంది. నేను చూశాను, తప్పుల్లేవు. కింద పేరు రాసిన చోట మాత్రం నా టీ ఒలికింది. రెండుసార్లు.