మనస్విని పళ్లు ‘బాగున్నవి’ అని రాసిన కార్డు గురించి

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,

ఛత్రినాక నివాసి, దర్జీ పనివాడు వైకుంఠం, వయస్సు అరువది ఒకటి, సమర్పించుకొను అర్జీ.

విషయం: మూడు సంవత్సరముల బాలిక మనస్విని దంత పరీక్ష రికార్డును సరిచేయుట, ఆరోగ్య కేంద్రంలోని పళ్ల కుర్చీ మీది ప్లాస్టిక్ కవరు తీయించుట, అంగన్‌వాడీ టీచరు మాణిక్యమ్మ గారికి ఇచ్చిన మెమోను రద్దు చేయుట గురించి.

అయ్యా,

ఇదే సంగతిపై నేను పెట్టుకున్న ఫిర్యాదుకు గత నెలలో జవాబు వచ్చింది. “కుర్చీ పనిచేయు స్థితిలో కలదు. రికార్డు ప్రకారం బాలిక పళ్లు బాగున్నవి. ఫిర్యాదు పరిష్కరించబడినది” అని అందులో ఉన్నది. సదరు జవాబు అందిన నాటికి బాలిక నోటిలో ఐదు పళ్లు లేవు. కావున ఈ రెండో అర్జీ. ఆరోగ్య కేంద్రమూ అంగన్‌వాడీ రెండూ తమరి పర్యవేక్షణలోనివే గనుక నేరుగా తమకే రాస్తున్నాను.

1. మనస్విని నా కొడుకు మనీష్ కూతురు. కొడుకు, కోడలు కమల ఇద్దరూ పనులకు పోతారు. నేను ఇంటి ముందుగదిలో స్కూలు యూనిఫారాలు కుడుతూ పిల్లను చూసుకుంటాను. గత జూలైలో అంగన్‌వాడీకి వైద్యబృందం వచ్చి, ఇరవై నాలుగు మంది పిల్లలను పరీక్షించినట్లు కార్డులు ఇచ్చింది. మనస్విని కార్డులో “పళ్లు: బాగున్నవి” అని రాసి ఉంది. ఆ రోజు మనస్విని అంగన్‌వాడీకి పోనే లేదు. జ్వరంతో మా ఇంట్లో, కుట్టుమిషను పక్కన చాప మీద పడుకుని ఉంది. పిల్ల నోరు అక్కడ లేకుండానే పళ్లు బాగున్నట్లు ఎట్లా తేలిందో విచారించగలరు.

2. సెప్టెంబరులో ముందుపళ్ల మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాను. అక్కడ పళ్ల గది ఉంది. కుర్చీ ఉంది. రెండేళ్ల కిందట రిబ్బను కత్తిరించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కుర్చీ వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా దాని మీదే ఉంది. కవరు మీద ఫినాయిల్ డబ్బాలు ఉన్నాయి. పళ్ల డాక్టరు డిప్యుటేషన్ మీద వేరేచోటికి పోయారట. అక్కడి ఉద్యోగి పిల్ల వంక చూడకుండానే, “పాలపండ్లే గద తాతా, ఎట్లైన ఊడిపోయేటియే. గింత దానికి ఫికర్ ఏంది?” అన్నాడు. నేను నమ్మి ఇంటికి వచ్చాను. అట్లా నమ్మి రెండు నెలలు పోగొట్టాను.

3. నవంబరు నాటికి పిల్ల రొట్టె నమలడం మానేసింది. చల్లనీళ్లు తాగితే ఏడ్చేది. పెద్దాసుపత్రికి మూడుసార్లు తీసుకుపోయాను. మొదటిసారి పిల్లల విభాగంవాళ్లు పళ్ల విభాగానికి పొమ్మన్నారు. పళ్ల విభాగంవాళ్లు పిల్లల విభాగానికి పొమ్మన్నారు. రెండోసారి కుర్చీ ఎక్కించారు గానీ పిల్ల నోరు తెరవకుండా ఏడ్చింది.

“ఏడుపు బంద్ చేసినంక తీస్కరా పెద్దాయనా, బయట మస్తు లైనున్నది” అన్నారు.

“నొప్పికే ఏడుస్తున్నది గదమ్మా. నొప్పి పోతే ఏడుపు బంద్ అయితది. అప్పుడు మీ దగ్గరికి నేనెందుకొస్త?” అని అడిగాను.

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. పని మాత్రం కాలేదు. మూడోసారి, తల్లో తండ్రో సంతకం చేయాలి, తాత సంతకం చెల్లదు అన్నారు. కమలకు సెలవు దొరికేలోపల పన్నెండు రోజులు గడిచాయి.

4. ఆ పన్నెండో రోజు పొద్దున పిల్ల ఎడమ చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. పక్కింటి తౌఫీఖ్ ఆటో తీశాడు. అతని భార్య లుబ్నా పిల్లను ఒడిలో పెట్టుకుని, “కుచ్ నై హోతా బేటా, కుచ్ నై హోతా” అంటూ, ఏమీ కాదని ధైర్యం చెబుతూనే ఉంది. ఎమర్జెన్సీలో చిన్న వయసు డాక్టరమ్మ, పిల్ల పై పెదవిని రెండు వేళ్లతో ఎత్తి చూసి నన్ను ఒకే మాట అడిగింది: “ఈ పెదవి ఎత్తి ఇదివరకు ఎవరన్న చూసిన్రా?”

పంటి చీము చెంపలోకి పాకిందని, ఇంకా ఆలస్యమైతే కంటికీ ప్రాణానికీ కూడా ముప్పేనని చెప్పింది. ఐదు రోజులు అక్కడే ఉన్నాం. మత్తిచ్చి పై ముందుపళ్లు నాలుగు, ఒక దవడ పన్ను తీశారు.

అయ్యా, ఎవరూ ఎత్తి చూడలేదు. పుట్టినప్పటి నుంచి ఎన్నిసార్లు టీకాలకు తీసుకుపోయామో లెక్కలేదు. తొడ చూశారు, చేయి చూశారు, బరువు చూశారు. నోటి సంగతి అడిగినవారు లేరు.

5. ఈ ఐదో ఫిర్యాదు నా మీదే. పగటి నిద్రకు పాలసీసాలో చక్కెర కలిపి నోట్లో పెట్టి పడుకోబెట్టింది నేనే. “మామా, సీస నోట్లె వెట్టి పండవెట్టకు” అని కమల రెండుసార్లు చెప్పింది. మిషను ఆగకుండా నడవాలని నేను వినలేదు. నిద్రపోయిన నోట్లో తీపి పాలు నిలిచి పళ్లను తినేస్తాయని, మొదటి పన్ను మొలిచిన రోజు నుంచే శుభ్రం చేయాలని, ఏడాది నిండేలోపే పళ్ల డాక్టరుకు ఒకసారి చూపించాలని నాకు డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు. తెలియదని తప్పించుకోను. కమల నన్ను ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మత్తు దిగినాక పిల్ల నాలుకతో ఖాళీ తడుముకుని, “తాతా, నా పండ్లు ఎవలు తీస్కున్నరు?” అని అడిగితే, కమల కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆ ప్రశ్నను తమకు కూడా పంపుకుంటున్నాను.

6. జనవరిలో నేను అంగన్‌వాడీకి పోయి, మాణిక్యమ్మ గారికి చెప్పి, తల్లులను పిలిపించాను. ఏ బిడ్డ పెదవిని ఆ బిడ్డ తల్లే ఎత్తింది. నేను టార్చి పట్టాను, అంతే. మందు ఇవ్వలేదు, ఏ పిల్లనూ ముట్టుకోలేదు. ఆనాడు వచ్చిన ఇరవై ఇద్దరిలో పదకొండు మంది పళ్ల మీద మచ్చలో, గుంటలో కనిపించాయి. అందరి కార్డుల్లోనూ “బాగున్నవి” అనే ఉంది. పేర్ల జాబితా జతపరిచాను. పది రోజుల తరువాత మాణిక్యమ్మ గారికి మెమో వచ్చింది: అనుమతి లేని వ్యక్తిచే దంత పరీక్షలు జరిపించినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలెనని. చూడకుండా రాసినవారికి మెమో లేదు. చూడనిచ్చినామెకు ఉంది. పద్దెనిమిదేళ్లుగా బస్తీ పిల్లలకు అన్నం పెడుతున్న మనిషి ఆమె.

కావున సదరు మెమోను రద్దు చేయించి, కుర్చీకి ఒక డాక్టరును ఇప్పించి, జాబితాలోని పిల్లలకు చెంపలు వాచకముందే వైద్యం చేయించి, ఇకమీదట టీకాకు వచ్చిన ప్రతి బిడ్డ నోటినీ చూసేలా ఉత్తర్వు ఇప్పించగలరని వేడుకుంటున్నాను. మనస్విని కార్డులో “బాగున్నవి” కొట్టివేసి, ఉన్నది ఉన్నట్లు రాయించండి. ఫిర్యాదు పరిష్కరించబడినది అని మాత్రం దయచేసి మళ్లీ రాయించవద్దు.

పై సంగతులన్నీ ఓపికతో చిత్తగించవలెను. నా ఓపిక అయిపోయింది.

తమ విధేయుడు,
వైకుంఠం

తా.క.: అర్జీ మడతపెడుతుండగా మాణిక్యమ్మ గారు మా ఇంటికి వచ్చారు. “అన్నా, నా పేరు తీసెయ్యి. ఉన్న నౌకరి గూడ పోతది” అన్నారు. ఆమె భయం న్యాయమైనదే. తీసేస్తానని కాగితం చేతికిచ్చాను. మొత్తం నిలబడే చదివారు. జాబితా దగ్గర ఆగారు.

“దీంట్ల సామ్యూల్ పేరు లేదు.”

“వాడు ఆ రోజు రాలే గదమ్మా.”

“మొన్న వచ్చిండు. వాళ్లమ్మను పిలిచి నేనే చూపిచ్చిన. దవడ పన్నుకు ఇంత గుంట వడ్డది. పన్నెండని రాయి” అని నా చేతిలోని పెన్ను తీసుకున్నారు.

కాబట్టి తమరు పదకొండును పన్నెండుగా చదువుకోగలరు. కింద ఉన్న రెండో సంతకం మాణిక్యమ్మ గారిది.