వాల్వు కింద అక్షింత

సుల్తానాబాద్, ఆదివారం రాత్రి

రెండు పాత బైకుల సిలిండర్లను వి ఆకారంలో ఒకే క్రాంకు మీద కూర్చిన నా ఇంజను ఈ రోజు మొదటిసారి పలికింది. అదీ ముందు సిలిండరు ఒక్కటే. వెనకది రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

కిక్ కొట్టే ముందు నన్ను కన్న అవ్వే అక్షింతలు వేయాలని నేనే పట్టుబట్టాను. బాపు పోయినప్పటి నుంచి ఆమె ఏ శుభకార్యంలోనూ ముందుకు రాదు. "నా చేతులతోని వద్దు కొడుకా. నీ పెండ్లం పద్మ ముత్తయిదువ, దానితోని ఏపియ్యి" అంటూ గోడకు ఒదిగింది. నేను వినలేదు. చివరికి గుప్పెడు చల్లింది.

సాయంత్రం వెనక సిలిండరు హెడ్డు విప్పితే, వాల్వు కింద నలిగిన పసుపు బియ్యపు గింజ. వాల్వు మూసుకోకపోతే ఇంజను ఎలా పలుకుతుంది? ఫిల్టరు బిగించనిది నేను. గాలి పీల్చే కార్బురేటరు మూతికి గుడ్డయినా అడ్డం పెట్టనిది నేను. వెంట్రుకవాసి తేడాలు కొలిచేవాడికి ఆ మాత్రం తోచొద్దా!

"ఏం దొరికింది కొడుకా?" అని అవ్వ వచ్చింది. గింజను గుప్పిట్లో మూసి, "వైరు వదులైందే అవ్వా" అన్నాను. అబద్ధం ఆడటం నాకు చేతకాదు. నిజం చెబితే మాత్రం, గింజ ఇరికిందని ఆమె అనుకోదు. తన చెయ్యి తగిలిందనే అనుకుంటుంది.

"రేపు మల్లా నువ్వే ఏయాలె" అన్నాను. అవ్వ కొంగు దులుపుకుని లోపలికి నడిచింది.

ఇందాక పద్మ అక్షింతల గిన్నె పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. అవ్వ దాన్ని పద్మ చేతికిచ్చి, తలుపు దగ్గరికేసుకుని పడుకుందట.